ఎవరికీ అక్కర్లేని కూన

బిజిలి ఈనిందన్న వార్తని రుద్రప్ప ఊరంతా తిప్పిన వేగంతో ఆ వేటకుక్క కూడా ఏనాడూ పరుగెత్తి ఉండదు. పొద్దున ఏడింటికి ఏడో కూన నేలమీద పడింది. ఎనిమిదికల్లా చెరకు బళ్ళ దగ్గర, టీ కొట్టు దగ్గర, పాలు పోసే చోట అందరూ రుద్రప్ప భుజం తడుతున్నారు. తొమ్మిదికి ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కన్నది తనే అన్నంత నీరసంగా అరుగుమీద కూలబడ్డాడు.

"ఏడు! ఏడూ బతికే ఉన్నాయి!" అన్నాడు.

"ఉన్నాయి. నేనూ చూశాను," అంది కస్తూరవ్వ. తెల్లవారకముందు నుంచీ మేకల కొట్టంలో కూర్చుని, వాటిని ఒక్కొక్కటే పాత చీరగుడ్డతో తుడిచింది ఆవిడే మరి.

ముధోళ చుట్టుపక్కల ఊళ్ళలో కుక్కల పెంపకం ఇలాగే సాగుతుంది. కుక్క మగవాడిది. కుక్క పేరు, పందెంలో గెలిచిన కప్పు, కుక్క పక్కన మీసం దువ్వుకుని నిలబడ్డ ఫోటో, అన్నీ మగవాడివే. కూనల కింద గోనెసంచులు మార్చడం, పాలు తాగేటప్పుడు తల్లి పొట్ట గీరకుండా వాటి గోళ్ళు కత్తిరించడం, చీమలు పట్టకుండా చుట్టూ బూడిద చల్లడం, మూడో వారం దాటాక జొన్న అంబలి మజ్జిగలో పలచగా కలిపి తట్టలో పోయడం, ఆ తట్టలోకే దిగి జలకాలాడిన ఏడింటినీ మళ్ళీ మొదటినుంచీ తుడవడం, ఇవన్నీ ఎవరివన్న ప్రశ్న ఎన్నడూ రాలేదు. రాలేదు కాబట్టి కస్తూరవ్వవి.

కస్తూరవ్వకిది నాలుగో పురుడు. ముందటి మూడింటిలో ఇరవై కూనలు ఆవిడ చేతిమీదుగా పెరిగి, నలభై అయిదు రోజులు నిండగానే ఎవరెవరి జీపుల్లోనో, మోటారుసైకిళ్ళ మీదో, ఒకటైతే కూరగాయల బుట్టలోనో వెళ్ళిపోయాయి. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ "పీడా వదిలింది" అంది. ప్రతిసారీ ఆ తర్వాత నాలుగు రోజులు పప్పులో ఉప్పు ఎక్కువ పడింది. రుద్రప్ప ఉప్పు సంగతి గమనించాడు గానీ, రెంటికీ ముడిపెట్టలేదు.

ఈసారి కూనలు పుట్టిన రాత్రే భోజనం దగ్గర ఆవిడ అడిగేసింది.

"వీటిలో ఒకదాన్ని నేనుంచుకుంటా."

రుద్రప్ప ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "నువ్వా? కుక్కనా? ఎందుకూ?"

"మీకెందుకు?"

"నాకు పందేనికి."

"నాకు ఊరికే."

ఊరికే కుక్కని పెంచడమన్నది రుద్రప్ప బుర్రకి ఎక్కలేదు. "మొదటి ఎంపిక వీరనగౌడది. అదెలాగూ తప్పదు. తక్కిన ఆరింటికీ కళ్ళు తెరవకముందే అడిగినవాళ్ళున్నారు," అన్నాడు. ఆమె మొహం చూశాక పోనీలే అనుకుని, నవ్వుతూ వరం ఇచ్చేశాడు. "అందరూ వద్దన్నది ఏదైనా మిగిలిందనుకో, అది నీదే. పో."

వరమంటే వరమే. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో పుట్టిన కూన ఏదీ మిగల్లేదన్న ధైర్యంతో ఇచ్చాడు గానీ, ఇచ్చినమాటైతే ఇచ్చాడు.

మగకుక్క యజమానికి మొదటి ఎంపిక అన్నది అక్కడ రాతలేని చట్టం. బిజిలి కూనలకి తండ్రి సర్జా. పక్క ఊరి వీరనగౌడ కుక్క. వరసగా మూడేళ్ళు పందెం కొట్టినది. నలభై అయిదో రోజున గౌడ వస్తాడు, వేలు చూపిస్తాడు, ఆ కూన వెళ్ళిపోతుంది. అందులో బేరం లేదు, బతిమాలడం లేదు. ఆ తర్వాతే మిగిలినవాళ్ళ వంతు.

కస్తూరవ్వ ఏడింటి మెడలకీ ఏడు రంగుల దారాలు కట్టింది. పేర్లు మాత్రం పెట్టలేదు. పేరు పెట్టి పిలిచాక పంపడం కష్టమని మొదటి పురుడప్పుడే ఆవిడకి తెలిసొచ్చింది.

కళ్ళు తెరిచిన వారానికి పసుపుదారం కూన ఒక విచిత్రం మొదలుపెట్టింది. కస్తూరవ్వ వంటింట్లో జొన్నరొట్టెలు తడుతుంటే ఆ టపటపలకి మిగతా ఆరూ చెవి కూడా కదపవు. ఇది మాత్రం కొట్టంలోంచి దొర్లి, వాకిలి దాటి, గడప దగ్గర రెండుసార్లు బోర్లాపడి, మొత్తానికి లోపలికొచ్చి ఆవిడ ఎడమపాదం మీద కూర్చుంటుంది. అడగదు, అరవదు. చివరి రొట్టె పెనం మీద పడేదాకా అలా కూర్చుని, శబ్దం ఆగగానే లేచి తన దారిన తను పోతుంది. పాతికేళ్ళుగా ఆవిడ రొట్టెలు తడుతోంది. ఆ శబ్దం కోసం ఇంత దూరం నడిచొచ్చిన ప్రాణి మరొకటి లేదు. రొట్టె కోసం వచ్చినవాళ్ళయితే చాలామంది.

ఇరవయ్యో రోజున రుద్రప్ప పసుపుదారాన్ని మెడ వెనక తోలు పట్టి పైకెత్తాడు. ముందుకాళ్ళ పొడవు జానతో కొలిచాడు. ఛాతీ కింద వేళ్ళు పెట్టి చూశాడు. మూతి పక్కనుంచి చూశాడు.

"అబ్బబ్బా! ఏం ఎముక! కస్తూరీ, ఇదే గౌడది. రాసిపెట్టుకో. కళ్ళు మూసుకుని దీన్నే ఎంచుతాడు!"

కస్తూరవ్వ రాసిపెట్టుకుంది. ఆ సాయంత్రమే పనిలోకి దిగింది.

వేటకుక్కకి అందం ఎముకలోనే ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా కనిపించాలి, నడుం పిడికిట్లో ఇమిడిపోవాలి, పొట్ట వెన్నుకి అంటుకుపోవాలి. కాస్త ఒళ్ళు చేసిన కూనని అక్కడ ఎవడూ చేత్తో కూడా ముట్టడు. కాబట్టి దాని అందం చెడగొట్టాలంటే కొట్టక్కర్లేదు, మాడ్చక్కర్లేదు, ప్రేమగా తిండి పెడితే చాలు. ఇంత సులువైన దుర్మార్గం ఆవిడకి జీవితంలో మళ్ళీ దొరకదు.

మిగతా ఆరింటితో కలిసి తట్టలో అంబలి అయ్యాక, పసుపుదారానికి వంటింట్లో రెండో పంక్తి మొదలైంది. వేడి జొన్నరొట్టె చిదిమి, మీగడ కలిపి, పైన నెయ్యి. మధ్యాహ్నం గుడ్డు. సాయంత్రం మళ్ళీ మీగడ. పది రోజుల్లో మెడదారం బిగిసింది. మార్చింది. ఇంకో వారానికి మళ్ళీ మార్చింది. మూడోసారి దారం బదులు చీర అంచు చింపి కట్టాల్సొచ్చింది.

ఇంట్లో మీగడ మాయమైంది. రుద్రప్ప రొట్టెమీద వెన్న కనపడక అడిగాడు.

"గేదె పాలు పలచబడ్డాయి," అంది కస్తూరవ్వ.

రుద్రప్ప వెళ్ళి గేదెని నాలుగు తిట్టాడు. తర్వాత జాలిపడి దానికి పత్తిగింజల చెక్క రెట్టింపు చేశాడు. గేదె కూడా ఒళ్ళు చేసింది. పాలు ఇంకా చిక్కబడ్డాయి. ఆ మీగడా పసుపుదారానికే పోయింది.

ముప్పై అయిదో రోజుకి ఆ కూన నడుస్తుంటే పొట్ట నేలని తుడుస్తూ వస్తోంది. రుద్రప్పకి నిద్ర పట్టలేదు. పురుగులేమో అని మందు పోశాడు. తగ్గలేదు. బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, చెవి తిప్పి చూసి, రుద్రప్ప మొహం కూడా చూసి, "జబ్బేం లేదప్పా. దీనికి పెట్టేవాళ్ళున్నారు," అన్నాడు.

"అన్నిటికీ ఒకే తట్టలో పెడతాం సార్!"

"అయితే మిగతా ఆరింటినీ తీసుకురా, వాటికే జబ్బేమో చూద్దాం."

ఇంటికొచ్చి రుద్రప్ప గొంతు తగ్గించి భార్యని అడిగాడు. "ఆ రోజుల్లో... బిజిలి ఎప్పుడైనా గోడ దూకి బయటికెళ్ళిందా? ఆ టీ కొట్టు దగ్గర ఓ నల్ల కుక్క పడుకుంటుంది చూడు..."

కస్తూరవ్వకి నిజంగానే తప్పనిపించింది. కూనని లావు చేస్తాననుకుంది గానీ, తల్లి శీలం మీదికి వస్తుందనుకోలేదు. "ఛీ, ఏం మాటలవి? మన బిజిలి అలాంటిది కాదు," అని గట్టిగా చెప్పింది. అంతకుమించి ఏం చెప్పగలదు?

నలభై అయిదో రోజు పొద్దున్నే వీరనగౌడ జీపు వాకిట్లో ఆగింది. ఈసారి ఆయనతోపాటు భార్య నింగవ్వ కూడా దిగింది. చెల్లెలి ఊరికి వెళ్తూ దారిలో దింపమందట. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ కూనల ఎంపికకి రావడం ఇదే మొదలు. వచ్చిందీ ఎంపికకి కాదు, నీడ కోసం.

రుద్రప్ప కూనల్ని వరసగా అరుగుమీద నిలబెట్టాడు. గౌడ తలపాగా వెనక్కి తోసుకుని ముందుకు వంగాడు. కూనలమధ్యలో ఓ రేకు డబ్బా దొర్లించాడు. ఆరూ ఎగిరి, చెవులు నిక్కించి, రెండు దానివెంట పడ్డాయి. పసుపుదారం డబ్బా వైపు చూసి, కూర్చుంది. కూర్చుంటే పొట్ట ముందుకొచ్చి ఒడి అయింది.

గౌడ నిటారుగా లేచాడు. "రుద్రప్పా, మధ్యలో ఈ పందిపిల్లెక్కడిది?"

"అది... అది కూడా మన కూనే గౌడ్రూ."

"మన అంటే? నీదా, సర్జాదా?"

"సర్జాదే! దేవుడి తోడు! ఇరవై రోజులదాకా బంగారంలా ఉండేది. ఉన్నట్టుండి ఇలా ఉబ్బింది."

"ఇంకెవరికీ చూపించకు దీన్ని. నా సర్జా పరువు పోతుంది," అని గౌడ చూపు ఎర్రదారం మీదికి మళ్ళించాడు. తలుపు చాటున నిలబడ్డ కస్తూరవ్వ గుండెలమీద చెయ్యేసుకుంది. అయిపోయింది. దేవుడు చల్లగా చూశాడు.

సరిగ్గా అప్పుడే నింగవ్వ అరుగు దగ్గరికొచ్చింది.

"ఓసి నా తల్లీ! ఇదేమిటే ఇంత ముద్దుగా ఉంది?" అని పసుపుదారాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. ఒక చేత్తో ఎత్తితే ఆగలేదు. "ఇదిగో, వింటున్నారా? మనం దీన్ని తీసుకుందాం."

గౌడకి వినపడలేదనుకోవాలని ఉంది. "ఏమిటీ?"

"దీన్ని."

"నింగీ, అది కుక్క కాదు, తిరగలి. పెట్టెయ్ కింద."

"పెట్టను. ముప్పై ఏళ్ళు మీరు ఎంచారు. ముప్పై ఏళ్ళూ నా వాకిట్లో ఎముకల గూళ్ళు తిరిగాయి. వచ్చిన చుట్టమల్లా వాటిని చూడ్డం, నన్ను చూడ్డం. పాపం ఈ ఇంటావిడ ప్రాణులకి ముద్ద కూడా వెయ్యదు కాబోలు అని! మా ఆడపడుచు అయితే మొహంమీదే అంది. మొన్న వ్యాను వేసుకుని సర్జాని చూడ్డానికొచ్చిన పట్నంవాళ్ళు నా చేతిలో బిస్కట్ల పొట్లం పెట్టి, దానికి పెట్టమ్మా అన్నారు. నాకు చెప్పారు, అన్నం పెట్టమని!"

"జాతి లక్షణమే అది!"

"జాతి మీకు. మాట నాకు. నా గుమ్మంలో ఒక్క బొద్దు కుక్క కూర్చోవాలి. ఈ ఇంట్లో తిండి ఉందని నలుగురికీ తెలియాలి. అంతే."

గౌడ రుద్రప్ప వైపు చూశాడు, సాయం వస్తాడేమో అని. రుద్రప్ప మొహం అప్పటికే వెలిగిపోతోంది. పనికిరాని కూన మొదటి ఎంపికలో పోయి, మేలైన ఆరూ తన చేతిలోనే మిగిలితే ఏ మొహమైనా అలాగే వెలుగుతుంది. "అమ్మగారు ముచ్చటపడ్డారు గౌడ్రూ," అన్నాడు భక్తిగా. "కాదనకూడదు."

గౌడ మీసం కొరుక్కున్నాడు. పరాయి అరుగుమీద భార్యతో తగువు పడటం ఆయనకి ఇష్టంలేదు. ఓడిపోతానని తెలిసిన తగువైతే అసలే ఇష్టంలేదు. "తీసుకో. నీకు తగ్గదే దొరికింది," అన్నాడు.

అరుగుమీద ఉన్నవాళ్ళందరూ గెలిచినట్టే. తలుపు చాటున నిలబడ్డ ఒక్క మనిషి మాత్రం ఓడిపోయింది.

అందరూ వద్దనేలా చెయ్యడానికి ఇరవై అయిదు రోజులు పెట్టింది. ఒక్కళ్ళు కావాలనేలా చేసిందన్న సంగతి ఆవిడ లెక్కలోకే రాలేదు. ఊళ్ళో మగవాళ్ళందరి కళ్ళూ ఎలా చూస్తాయో ఆవిడకి తెలుసు. ఆడదాని కళ్ళు కూడా చూస్తాయని తట్టలేదు.

"రా అక్కా, ఎండలో ఎందుకు? రెండు వేడి రొట్టెలు తిని వెళ్దువుగాని," అంది కస్తూరవ్వ. గొంతు మామూలుగానే వచ్చింది.

నింగవ్వ కూనని వాకిట్లో దించి, వంటింట్లో పీట మీద కూర్చుంది. కస్తూరవ్వ ఇంటాయనకని చేసిన పొద్దుటి రొట్టె ఇదని చెప్పి ఒకటి ఆవిడ పళ్ళెంలో పెట్టి, పొయ్యి రాజేసి, పిండి ముద్ద చేస్తూ మొదలుపెట్టింది.

"అక్కా, ఆ కూన కొంచెం దొంగబుద్ధి."

"మా ఇంట్లో దొంగిలించడానికేముంది, తిండేగా. పెట్టడానికే తీసుకెళ్తున్నా."

"పక్కమీద పాడు చేస్తుంది."

"మా మనవలు చెయ్యట్లేదా?"

"మాట వినదు. ఎంత పిలిచినా పలకదు."

"నేను మా గౌడ్రుతో కాపురం చేస్తున్నానమ్మా," అంది నింగవ్వ. "అది నాకు బెదిరింపు కాదు."

ఇక చెప్పడానికి అబద్ధాలు లేవు. కస్తూరవ్వ ముద్ద పలకమీద వేసి తట్టడం మొదలుపెట్టింది. టప్, టప్, టప్.

వాకిట్లో ఏదో దొర్లిన చప్పుడు. గడప దగ్గర ధబ్బుమని ఒకసారి, మరోసారి. పసుపుదారం లోపలికొచ్చింది. పీటమీద ఉన్న నింగవ్వని దాటుకుంటూ, ఆవిడ పక్కన పళ్ళెంలో ఉన్న రొట్టెని కూడా దాటుకుంటూ వెళ్ళి, కస్తూరవ్వ ఎడమపాదం మీద తన బరువంతా దించి కూర్చుంది.

నింగవ్వ చేతిలోని రొట్టెముక్కని పళ్ళెంలో పెట్టేసింది.

"ఎప్పట్నుంచీ?" అంది.

"కళ్ళు తెరిచినప్పట్నుంచీ."

నింగవ్వ కిందికి వంగి కూన మూతి వాసన చూసింది. తర్వాత మూలన నెయ్యిగిన్నె వైపు చూసింది. ముప్పై ఏళ్ళు పెద్ద వంటిల్లు నడిపిన మనిషి. నెయ్యిగిన్నె పెద్దదిగా ఉండి, ఇంటాయన రొట్టె ఎండుగా ఉంటే దాని అర్థమేమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"కావాలని మేపావు!"

కస్తూరవ్వ రొట్టె పెనంమీద వేసింది. "అందరూ వద్దన్నది నాదని ఆయన మాటిచ్చాడక్కా. ఏడింటిలోకీ ఇదే మేలురకం. మీ గౌడ్రు చూస్తే దీన్నే తీసుకుంటాడు. అందుకని..." రొట్టె తిరగేసింది. "ఈ లావు నిలవదక్కా. నిజం చెప్తున్నా. పెట్టడం ఆపిన నెలకి ఇదీ ఎముకల గూడే. మీ ఆడపడుచు మళ్ళీ అదే మాటంటుంది. బయటికెళ్ళి మీ గౌడ్రుతో నిజం చెప్తే ఎగిరి గంతేసి తీసుకుంటాడు. చెప్పడం, చెప్పకపోవడం నీ చేతిలో ఉంది."

నింగవ్వ నవ్వింది. మొదట మెల్లగా, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, ఆ తర్వాత గోడకి ఆనుకుని. కళ్ళు తుడుచుకున్నాక అడిగింది.

"రోజుకెంత నెయ్యి?"

"మూడు చెంచాలు."

"మీగడ?"

"ఉన్నంతా."

"గుడ్డు?"

"మధ్యాహ్నం ఒకటి. కూనకి. పెద్ద కుక్కకైతే మూడు కావాలేమో."

"పెద్ద కుక్కకే," అంది నింగవ్వ. "కొత్తది ఎందుకు? ఇంట్లో సర్జా ఉందిగా. అదీ నా గుమ్మంలోనే కూర్చుంటుంది."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆపైన కస్తూరవ్వ రెండో రొట్టె ఆవిడ పళ్ళెంలో వేసి, అడక్కుండానే నెయ్యి పోసింది.

బయటికొచ్చి నింగవ్వ మొగుడితో, "నాకది వద్దు, మీరే ఎంచుకోండి," అంది.

"ఇప్పుడేగా కావాలన్నావు!"

"వంటింట్లో పడుకుని గురక పెట్టింది. ఇంట్లో ఒక గురక చాలు."

గౌడ ఆ మాటని విననట్టు మింగేసి, భార్య మళ్ళీ మనసు మార్చుకోకముందే ఎర్రదారాన్ని చంకన పెట్టుకుని జీపెక్కాడు. రుద్రప్ప వాకిట్లో నిలబడి, పోయిన ఎర్రదారాన్ని, ఉన్న పసుపుదారాన్ని మార్చి మార్చి చూసుకున్నాడు.

తర్వాత రెండు రోజుల్లో అయిదు కూనలు వెళ్ళిపోయాయి. ఆరోదానికని బెళగావి నుంచి వచ్చిన లెక్చరరు పసుపుదారాన్ని చూసి, మంచినీళ్ళు తాగి, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. కొట్టం కడిగి, గోనెసంచులు ఎండేసి, కస్తూరవ్వ మొదటిసారి ఆ కూనకి పేరు పెట్టింది. గుండి. గుండ్రంగా ఉంది కాబట్టి, అంతకంటే ఆలోచించే ఓపిక లేదు కాబట్టి. ఆ రోజు పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంది.

"చూశావా? నీ అదృష్టం. నీకు మిగిలేదే మిగిలింది," అన్నాడు రుద్రప్ప.

"ఏం చేస్తాం. మనకి రాసిపెట్టింది," అంది ఆవిడ.

మర్నాటినుంచి నెయ్యి ఆపేసింది. మేలురకం కూనని మళ్ళీ మేలురకంగా చెయ్యాలి కదా. ఉత్త అంబలి, పలచటి మజ్జిగ, పొద్దునా సాయంత్రం పొలంగట్టు దాకా నడక. గుండి మూడు రోజులు తట్ట ముందు కూర్చుని ఆవిడ వైపు చూసింది. ఆవిడ గోడ వైపు చూసింది. లావు చెయ్యడంలో ఎంత సుఖముందో, చిక్కించడంలో అంత నరకం ఉందని తెలిసొచ్చింది. అయినా పట్టు వదల్లేదు. నెల గడిచింది. నెలన్నర గడిచింది. కూన ఎత్తు పెరిగింది, కాళ్ళు సాగాయి, నడుం మాత్రం ఎక్కడుందో కనపడలేదు. ఎముక జాడే లేదు. కస్తూరవ్వకి అనుమానమొచ్చింది. పురుగులేమో అని కూడా అనుకుంది.

ఒక సాయంత్రం గడ్డి కోసం పశువుల కొట్టం వైపు వెళ్ళింది. గేదె అవతల రుద్రప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా గుండి. ఆయన తన జొన్నరొట్టె తుంచి, వెన్నలో ముంచి, దాని నోటికందిస్తున్నాడు.

"తిను. తిను తల్లీ. ఎవడికీ వద్దయితే మాత్రమేం? ఆవిడకి చెప్పకు. పిల్లని మాడుస్తోంది మహాతల్లి. అందరూ తోసేసిన ప్రాణివి, మేమూ తోసేస్తే ఎవరున్నారే నీకు..."

కస్తూరవ్వ గడ్డి తీసుకోకుండానే వెనక్కి తిరిగింది. ఇది మేలురకం కూన, దీన్ని పాడుచేస్తున్నావు అని ఆయన మీద అరవాలి. అరిస్తే, మేలురకం అయితే ఎందుకు మిగిలిందని అడుగుతాడు. అడిగితే మీగడ దగ్గర్నుంచీ చెప్పుకురావాలి.

వంటింట్లోకొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. రాత్రి భోజనానికి ఆయనకి మామూలుగా మూడు రొట్టెలు చేస్తుంది. కాసేపు ఆలోచించి, నాలుగో దానికి కూడా పిండి కలిపింది.